ఉత్తుత్తి ప్రేమకు ఇంత బలం ఎక్కడిది?

లారా జీన్, పీటర్ అనే ఇద్దరు హైస్కూలు పిల్లలు కూర్చుని కాగితం మీద షరతులు రాసుకుంటారు. తాము ప్రేమించుకుంటున్నామని బడంతా నమ్మాలి. అందులో నిజం లేదన్న సంగతి మూడో మనిషికి తెలియకూడదు. అబ్బాయి రోజుకో చీటీ రాసివ్వాలి. అక్క మాజీ ప్రియుడి ముందు అమ్మాయి పరువు నిలబడాలి, తనను వదిలేసిన పిల్లకి ఈర్ష్య పుట్టించాలని అబ్బాయి తాపత్రయం. జెన్నీ హాన్ 2014లో ప్రచురించిన ‘టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ నవలలో ఈ ఒప్పందం కుదిరేసరికి కథ ఎక్కడికి చేరుతుందో చదివేవాళ్ళందరికీ తెలిసిపోతుంది. నాకూ తెలిసిపోయింది. అయినా ఆ రాత్రి పుస్తకం కింద పెట్టలేదు.

ముగింపు ముందే తెలిసిన కథను ఇంత ఆత్రంగా ఎందుకు చదువుతాం? ఇంగ్లిష్ రొమాంటిక్ కామెడీ నవలల్లో ‘ఫేక్ డేటింగ్’ అని పిలుచుకునే ఈ కథల గురించి కొన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఏదో ఒక అవసరం కోసం ఇద్దరు ప్రేమికుల్లా నటించడానికి ఒప్పుకుంటారు, నటిస్తూ నటిస్తూ నిజంగానే ప్రేమలో పడతారు. కథంతా ఇంతే. పేర్లు, ఊళ్ళు, నెపాలు మారతాయి.

తెలుగులో దీనికి నాకు తోచిన మాట ‘ఉత్తుత్తి’. పిల్లలు బొమ్మలపెళ్ళిలో వాడే మాట. ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి జ్వరం, ఉత్తుత్తి మొగుడు. మోసం అన్న మాటలోని చేదు ఇందులో లేదు. అలాగని వట్టి ఆటా కాదు. బొమ్మలపెళ్ళిలో మగపెళ్ళివారికి మర్యాద తగ్గిందంటే పిల్లలు నిజంగానే ఏడుస్తారు. ఆడేది ఉత్తుత్తి అని తెలుసు, వచ్చే కన్నీళ్ళు మాత్రం అసలువి. ఈ నవలలన్నీ ఆ చోటులోనే పుట్టాయి.

వీటి వంశవృక్షం చాలా పాతది. షేక్‌స్పియర్ ‘యాజ్ యు లైక్ ఇట్’లో మగవేషంలో అడవిలో తిరిగే రోజలిండ్, తనను గుర్తుపట్టని ప్రియుడికి ఒక వైద్యం చెబుతుంది. తననే అతని ప్రియురాలిగా ఊహించుకుని రోజూ ప్రేమ కబుర్లు చెబితే ఆ ప్రేమజబ్బు కుదురుస్తానంటుంది. అంటే తనలా తానే నటిస్తుంది. నాలుగు వందల ఏళ్ళ కిందటి నాటకం అది.

నవలల్లోకి వస్తే నేను అందరికంటే పైన కూర్చోబెట్టేది జార్జెట్ హేయర్‌ని. ఆమె 1953లో రాసిన ‘కొటిలియన్’ కథ పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళ ఇంగ్లండులో జరుగుతుంది. కిట్టీ అనాథ. ఆమెను పెంచిన పిసినారి ముసలాయన, తన తోబుట్టువుల మనవళ్ళలో ఎవరినో ఒకరిని చేసుకుంటేనే ఆస్తి దక్కుతుందని మెలిక పెడతాడు. ఆమె మనసు వాళ్ళలో జాక్ అనే సొగసుకాడి మీద ఉంది. పిలిచినా అతను రాడు. ఉక్రోషంతో కిట్టీ ఫ్రెడ్డీ అనే మరో కుర్రాణ్ణి బతిమాలుకుని ఒక్క నెలకు ఉత్తుత్తి నిశ్చితార్థం చేసుకుంటుంది. లండను చూడాలి, జాక్ కుళ్ళుకోవాలి, అంతే ఆమె కోరిక.

ఈ కథ బరువు తెలియాలంటే ఆనాటి కట్టుబాటు తెలియాలి. పెళ్ళాడతానని మాటిచ్చి తప్పితే నష్టపరిహారం కోసం కోర్టుకు లాగే హక్కు ఇంగ్లండులో ఉండేది. దాన్ని రద్దు చేసింది 1970లో. దానికి తోడు, కుదిరిన సంబంధం తెంచుకునే వీలు మర్యాద ప్రకారం ఆడపిల్లకే ఉండేది. మగవాడు తెంచుకుంటే వాణ్ణి పెద్దమనుషుల్లో లెక్కవేసేవారు కారు. కాబట్టి ఫ్రెడ్డీ సరేననడమంటే తన జుట్టు ఆమె చేతికివ్వడమే. నెల గడిచాక కిట్టీ మాట మారిస్తే అతనికి దారి లేదు. అది తెలిసీ ఒప్పుకుంటాడు, ఆ పిల్ల ఇరుకున పడిందని. ఇంట్లోవాళ్ళు అతన్ని తెలివి తక్కువవాడనుకుంటారు. బట్టల మీద శ్రద్ధ తప్ప ఇంకేమీ తెలియదంటారు. ఆ శ్రద్ధే కిట్టీకి అండ అవుతుంది. ఏ రంగు నప్పుతుంది, ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చోవాలి, ఎవరి స్నేహం ఎందుకు ప్రమాదం అని ఓపిగ్గా చెబుతాడు. జాక్ చూపులు తిప్పుకోనివ్వడు, ఫ్రెడ్డీ కష్టం వచ్చినప్పుడు పక్కనుంటాడు. ఈ తేడా కిట్టీకి తెలిసి వచ్చేలోపు మనకి ఎప్పుడో తెలిసిపోతుంది, ఆ మధ్యకాలంలో మన మనసు ఎంత ఆరాటపడుతుందో చెప్పలేను. ఈ వరస నవలలు ఎన్ని చదివినా ఇంత పొదుపుగా, ఇంత దయగా రాసినది నాకు మరొకటి కనిపించలేదు.

సినిమాలో ఈ కథకి పెద్దదిక్కు ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’. 1934 నాటిది, అయిదు ప్రధాన ఆస్కార్లూ గెలుచుకున్నది. ఇంట్లోంచి పారిపోయిన ధనవంతుల పిల్ల, ఉద్యోగం పోయిన పత్రికా విలేఖరి దారిలో ఒకే గదిలో దిగాల్సి వస్తుంది. మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. ఆమెను వెతుక్కుంటూ మనుషులు వచ్చినప్పుడు ఇద్దరూ ఉన్నట్టుండి మొగుడూపెళ్ళాల్లా అరుచుకుని తగువాడతారు. వచ్చినవాళ్ళు మరి అనుమానించకుండా వెళ్ళిపోతారు. దంపతులని నమ్మించడానికి ముద్దుకంటే పోట్లాట బాగా పనికొస్తుందని కనిపెట్టిన ఆ రచయితల బుద్ధికి నేనెప్పుడూ నమస్కారం పెడతాను. ఈ కథే 1956లో రాజ్‌కపూర్, నర్గీస్‌ల ‘చోరీ చోరీ’గా హిందీలోకి వచ్చింది.

అంతకు ముందు ఏడాదే మనకు ‘మిస్సమ్మ’ ఉంది.

తెలుగువాళ్ళం ఈ కథను ఇంగ్లిష్ నవలల దగ్గర నేర్చుకోలేదు. 1955 జనవరిలో వచ్చిన ‘మిస్సమ్మ’కి మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’. విజయా సంస్థ తరఫున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించారు, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించారు. అదే ఏడాది తమిళంలోనూ, 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలోనూ వచ్చింది. ఒకే కథ నాలుగు భాషల ఇళ్ళల్లోకి నడిచి వెళ్ళింది.

అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగాలు లేని ఇద్దరు పట్టభద్రులు, ఎం.టి. రావు, మేరీ, ఆ అన్నం కోసం దంపతులమని చెప్పుకుని ఆ ఊరు చేరతారు. రావు వేషం ఎన్.టి. రామారావుది, మేరీగా సావిత్రి. మేరీకి మొదటినుంచీ ఈ అబద్ధం గొంతులో ముల్లు. చిరాకుపడుతుంది, విసుక్కుంటుంది, వెళ్ళిపోతానంటుంది. రావు సర్దిచెబుతూ ఉంటాడు. జమీందారు దంపతులు ఆ పిల్లలో ఎప్పుడో తప్పిపోయిన తమ పెద్దకూతురిని చూసుకుంటారు.

మా అమ్మమ్మ ఈ సినిమాని టీవీలో ఎప్పుడు వచ్చినా చిక్కుడుకాయలో పచ్చిబఠాణీలో ముందేసుకుని వలుస్తూ చూసేది. ఆమె అబద్ధాన్ని సహించే మనిషి కాదు. పాలవాడు చారెడు నీళ్ళు కలిపితే వీధంతా వినపడేలా అడిగేది. అలాంటిది, అంత మంచి జమీందారును అంతలా బురిడీ కొట్టించే ఆ ఇద్దరినీ ఒక్కనాడూ తప్పుపట్టలేదు. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైనది సంగీతం పాఠాల ముచ్చట. రావు జమీందారు చిన్నకూతురు సీతకి పాట నేర్పుతుంటే మేరీకి ఒళ్ళు మండుతుంది. మేరీ దగ్గర జమీందారు మేనల్లుడు రాజు పాఠాలకు కూర్చుంటే రావుకి నిప్పు రాజుకుంటుంది. ఊరి దృష్టిలో వాళ్ళు మొగుడూపెళ్ళాలు, అడిగే హక్కు ఉంది. వాళ్ళిద్దరి మధ్య మాత్రం ఏమీ లేదు, ఆ హక్కు లేదు. లోకం ఇచ్చిన అధికారాన్ని మనసు వాడుకోలేని ఆ ఇరకాటం ఒక్క ఈ రకం కథలోనే కుదురుతుంది. మామూలు ప్రేమకథలో ఈర్ష్య పడే మనిషి నిలదీయవచ్చు, లేదా దూరంగా ఉండి కుమిలిపోవచ్చు. ఇక్కడ పక్కపక్కనే కూర్చుని నలుగురి ముందు నవ్వుతూ కుమిలిపోవాలి.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. చివరికి మేరీ జమీందారుగారి కూతురు మహాలక్ష్మేనని తేలడంతో క్రైస్తవుల పిల్ల, హిందువుల అబ్బాయి అన్న చిక్కు దానంతటదే విడిపోతుంది. అంత చక్కగా పెంచుకొచ్చిన ప్రేమకి ఆ చిక్కును మోసే బలం ఉందని కథ నమ్మి ఉంటే ఇంకా ఎంత గొప్పగా ఉండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఈ కథల్లో నేను ముందుగా వెతికేది నెపాన్ని. ఆ ఇద్దరూ ఎందుకు నటించాల్సి వచ్చింది? చాలామంది సమీక్షకులు దీన్ని కథ నడవడానికి వేసిన మెట్టుగా దాటిపోతారు. నాకు మాత్రం ఆ నెపంలో ఆ కాలం కనబడుతుంది. జంటగా ఉంటే తప్ప మనిషికి దేన్ని ఇవ్వనంటోంది లోకం? కిట్టీకి ఆస్తి ఇవ్వనంది. రావుకీ మేరీకీ ఉద్యోగం ఇవ్వనంది.

ఇప్పటి నవలల్లో చూడండి. అలీ హేజెల్‌వుడ్ 2021 నవల ‘ద లవ్ హైపోథిసిస్’లో ఆలివ్ స్టాన్‌ఫర్డ్‌లో జీవశాస్త్రంలో పరిశోధన చేస్తుంటుంది. తనకు ఒక అబ్బాయి మీద మనసు లేదని స్నేహితురాలు నమ్మితేనే ఆ స్నేహితురాలు అతనితో కలిసి తిరగగలదు. ఆ తొందరలో ఆలివ్ ఎదురుపడ్డ మనిషిని ముద్దుపెట్టుకుంటుంది. ఆ మనిషి, అందరూ జడుసుకునే ఆడమ్ కార్ల్‌సన్ అనే ప్రొఫెసర్. అతనికీ ఒక అవసరం ఉంది. అతను యూనివర్సిటీ వదిలి వెళ్ళిపోతాడన్న అనుమానంతో పరిశోధన నిధులు ఆపేశారు. ఇక్కడే ఒకరితో స్థిరపడ్డాడని తెలిస్తే ఆ అనుమానం తీరుతుంది. సైన్సు ఎంత బాగా చేసినా చాలదు, మనిషి కుదురుగా ఉన్నాడని ఒక తోడు సాక్ష్యం చెప్పాలి.

అలెక్సిస్ హాల్ ‘బాయ్‌ఫ్రెండ్ మెటీరియల్’ 2020లో వచ్చింది. లండనులో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే లూక్ పేరున్న రాక్ గాయకుడి కొడుకు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ ఇప్పుడు అక్కడ నేరం కాదు, కానీ పత్రికల్లో తాగి తూలుతున్న ఫొటో పడగానే విరాళాలిచ్చేవాళ్ళు వెనకాడతారు. వాళ్ళకు అతని తీరు ‘మర్యాదగా’ ఉండాలి. అందుకే ఆలివర్ అనే బారిస్టరుతో ఉత్తుత్తి ప్రేమ. లోకం అనుమతి ఇచ్చింది, కానీ తనకు నచ్చిన అచ్చులో ఉంటేనే. ఈ నవల నవ్విస్తూనే ఆ షరతు ఎంత అవమానమో చూపిస్తుంది.

ఆదీబా జైగీర్దార్ ‘హానీ అండ్ ఇషూస్ గైడ్ టు ఫేక్ డేటింగ్’ కూడా 2021 నాటిదే. డబ్లిన్‌లో చదువుకునే ఇద్దరు బెంగాలీ అమ్మాయిలు, ఒకరి మూలం బంగ్లాదేశ్, మరొకరిది భారతదేశం. తనకి అబ్బాయిలతోపాటు అమ్మాయిలూ నచ్చుతారని హానీ చెబితే తెల్లజాతి స్నేహితురాళ్ళు నమ్మరు. నమ్మించడానికి ఇషూ పేరు చెప్పేస్తుంది. తన మనసు గురించి తాను చెప్పిన నిజాన్ని రుజువు చేసుకోవడానికి ఒక పిల్ల అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఈ నెపం నన్ను చాలా బాధపెట్టింది. పిల్లల కోసం రాసిన పుస్తకమని దీన్ని పక్కన పెట్టకూడదు.

తక్కినవాటిలో కొన్ని నెపాలు తేలిక. జాస్మిన్ గిలరీ 2018 నవల ‘ద వెడ్డింగ్ డేట్’లో లిఫ్టులో ఇరుక్కుపోయిన ఇద్దరు ఒక పెళ్ళికి జంటగా వెళ్తారు. క్రిస్టినా లారెన్ 2019లో రాసిన ‘ది అన్‌హనీమూనర్స్’లో పెళ్ళి విందు తిన్నవాళ్ళందరికీ కడుపులు పాడైతే, తినని ఇద్దరు బద్ధశత్రువులు కొత్తదంపతులుగా హవాయికి విహారయాత్ర వెళ్తారు. ఎలెనా అర్మాస్ ‘ద స్పానిష్ లవ్ డిసెప్షన్’లో తోబుట్టువు పెళ్ళికి స్పెయిన్ వెళ్ళే అమ్మాయికి పక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎందుకు ఒప్పుకున్నాడో తేలడానికి చాలా పేజీలు తిరగేయాలి. నెపం పల్చబడినకొద్దీ నవల ఒంటి అందాల వర్ణనమీద ఆధారపడుతుంది, అక్కడ నాకు ఓపిక తగ్గుతుంది.

ఇన్ని పుస్తకాలు ఒక్కసారి ఎలా వచ్చిపడ్డాయి? అభిమానులు తమకు నచ్చిన పాత్రలతో రాసుకునే కథలు, ఫ్యాన్ ఫిక్షన్, దీనికి పెద్ద పొలం. 2009లో మొదలైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే భాండాగారంలో ఉత్తుత్తి ప్రేమకి సొంత గుర్తుమాట ఉంది. ఆ మాట నొక్కితే ఆ రకం కథలన్నీ వరసగా వస్తాయి. ఆ భాండాగారానికి 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. ‘ద లవ్ హైపోథిసిస్’ కూడా మొదట ‘స్టార్ వార్స్’ పాత్రలు రే, కైలో రెన్‌ల మీద రాసిన అభిమాని కథే. అలా ఏ వరస కథ కావాలో పేరుపెట్టి అడగడం నేర్చుకున్న పాఠకులే ఆ తరవాత పుస్తకాల దుకాణాలకు వచ్చారు. కాఫీ కొట్టులో పాత గిరాకీ అడిగినట్టు, ఈ రుచే కావాలి అని అడుగుతారు.

ఇక ఈ ఆకర్షణకు పెద్దలు చెప్పే కారణాలు. పాత్రలకి తెలియనిది మనకి తెలియడంలో ఉన్న సుఖం మొదటిది. అది నిజమే కానీ ఎన్నో రకాల కథల్లో ఆ సుఖం ఉంది. రెండోది మనస్తత్వ శాస్త్రం వైపునుంచి వస్తుంది. మనం ఏం చేస్తున్నామో చూసుకుని, మనకేం అనిపిస్తోందో ఊహించుకుంటామని డారిల్ బెమ్ అనే శాస్త్రవేత్త 1972లో వాదించాడు. ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో, ముక్కూమొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలు ఒకరినొకరు అడగమంటే, ముప్పావుగంటలో వాళ్ళమధ్య దగ్గరితనం పెరిగింది. ఉత్తుత్తి జంట చేసేది సరిగ్గా ఇదే. రేపు పిన్నిగారో బాసో అడుగుతారు కాబట్టి కూర్చుని బట్టీపట్టాలి. టీలో చక్కెర ఎంత? చిన్నప్పుడు ఏ ఊళ్ళో పెరిగావు? దేనికి భయం? నిజమైన జంటలు ఏళ్ళ తరబడి అడగని ప్రశ్నలు ఈ దొంగ జంట మొదటి వారంలోనే అడిగేస్తుంది. లారా జీన్ కథ సినిమాగా వచ్చినప్పుడు, 2018లో, పీటర్ ఆమెకి ఇష్టమైన కొరియన్ పెరుగు పానీయం కోసం ఊరి అవతలి కొట్టుకి వెళ్ళి తెస్తాడు. ఒప్పందంలో ఆ షరతు లేదు.

మూడో కారణం మన దగ్గరే ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. చెయ్యి పట్టుకోవడం, నవ్వడం, ఓరగా చూడడం ఎవరైనా అభినయించవచ్చు. చెమట పట్టడం, గొంతు మారడం, ఒళ్ళు గగుర్పొడవడం మనసు పూర్తిగా లగ్నమైతే తప్ప రావు. మామూలు ప్రేమకథలో రతి అనే స్థాయీభావం ముందు పుడుతుంది, అనుభావాలు దాన్ని బయటపెడతాయి. ఉత్తుత్తి కథలో వరస తిరగబడింది. అనుభావాలు ముందే వచ్చి కూర్చున్నాయి, వాటికి అడుగున స్థాయి లేదు. మనం కథంతా కాపలా కాసేది సాత్త్వికం కోసం. నలుగురి ముందు వేసిన చెయ్యి, నలుగురూ వెళ్ళిపోయాక ఒక్క క్షణం ఆలస్యంగా తీసినప్పుడు మన గుండె ఝల్లుమంటుంది. ఆ ఒక్క క్షణం షరతుల్లో లేదు, అభినయంలోనూ లేదు. ఇంగ్లిష్ విమర్శలో ఈ నవలల మీద నేను చదివిన దేనికంటే భరతుడి లెక్కే నాకు ఎక్కువ పనికొచ్చింది.

వీటన్నిటికీ అడుగున ఇంకొకటి ఉందని నా నమ్మకం. ఈ కథల్లో ఆ ఇద్దరూ లోకానికి అబద్ధం చెబుతారు, ఒకరికొకరు చెప్పుకోరు. ఎన్నాళ్ళు? ఎందుకు? ఎక్కడిదాకా ముట్టుకోవచ్చు? నీకేం కావాలి, నాకేం కావాలి? అన్నీ ముందే, సిగ్గు లేకుండా, మొహం చూసుకుని మాట్లాడుకుంటారు. ఆలివ్, ఆడమ్ సెప్టెంబరు నెలాఖరుదాకా అని గడువు పెట్టుకుంటారు, వారానికోసారి నలుగురి కంటబడేలా కాఫీ తాగుతారు. నిజంగా ప్రేమలో పడ్డవాళ్ళలో ఎంతమంది ఇంత స్పష్టంగా మాట్లాడుకుంటారు? మెప్పించాలన్న తాపత్రయం లేదు గనక ఉన్నదున్నట్టు ఉంటారు. ఆకలేస్తే ఆకలంటారు, విసుగొస్తే విసుగంటారు. బయట ఎంత నటన ఉంటే లోపల అంత నిజాయితీ.

ప్రేమ పుట్టిన క్షణంనుంచి ఇది తలకిందులవుతుంది. ఇప్పుడు దాచడానికి ఒకటి దొరికింది. ఆలివ్ తన మనసు ఆడమ్ మీదే ఉన్నా, తాను ఇంకెవరినో ప్రేమిస్తున్నట్టు అతన్ని నమ్మనిస్తుంది. మేరీ కోపం అసలు కారణం చెప్పకుండా వేరే సాకులు వెతుకుతుంది. అంటే ఆ ఇద్దరిమధ్య మొట్టమొదటి అబద్ధాన్ని ప్రేమే పుట్టిస్తుంది. ఊరిని మోసం చేసినన్నాళ్ళూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న మనం ఇక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతాం. చివరి పేజీల్లో మనం ఎదురుచూసేది ముద్దు కోసమని చాలామంది అనుకుంటారు. నేను ఎదురుచూసేది వాళ్ళు మళ్ళీ మొదటి రోజున మాట్లాడుకున్నంత నిజంగా ఎప్పుడు మాట్లాడుకుంటారా అని.

ఈ మాటకు గట్టి సాక్ష్యం జూలియా క్విన్ 2000లో రాసిన ‘ద డ్యూక్ అండ్ ఐ’. 2020 డిసెంబరులో ‘బ్రిడ్జర్టన్’గా తెర మీదికి వచ్చాక ఇది తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళ పేరయ్యల్లాంటి తల్లులనుంచి తప్పించుకోవాలని సైమన్, తనను స్నేహితురాలిగానే చూసే మగవాళ్ళ కళ్ళు తెరిపించాలని డాఫ్నీ, ప్రేమ నటిస్తారు. ఆ సగం చదువుతుంటే గాలి వీచినట్టుంటుంది. తరవాత పెళ్ళి జరిగిపోతుంది. పిల్లలు వద్దనుకున్న సైమన్ తనకు పిల్లలు పుట్టరన్న అర్థం వచ్చేలా చెబుతాడు. నిజం తెలిసిన డాఫ్నీ, అతను తాగి ఉన్న రాత్రి అతని ఇష్టం లేకుండా తన కోరిక తీర్చుకుంటుంది. ఆ ఘట్టం మీద ఎన్నో ఏళ్ళుగా తీవ్రమైన విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శ. నాటకమాడిన రోజుల్లో ఒకరి హద్దు ఒకరు దాటని ఇద్దరు, అసలు దంపతులయ్యాక ఇద్దరూ ఆ మర్యాద తప్పారు.

అభ్యంతరాలు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దది, మోసపోయినవాళ్ళ సంగతి. సంబరపడిన తల్లి, ఫొటోలు దాచుకున్న బామ్మ, తన కోసం అబద్ధమాడారని తరవాత తెలుసుకునే స్నేహితురాలు. చాలా నవలలు వీళ్ళకి ఒక పేరా క్షమాపణతో సరిపెట్టేస్తాయి. వాళ్ళ నొప్పికి చోటిచ్చిన పుస్తకమే నా దృష్టిలో పెద్ద పుస్తకం. రెండోది బలాబలాల తేడా. ఆడమ్ ఆలివ్‌కి గురువు కాకపోయినా అదే విభాగంలో ప్రొఫెసరు. షరతులు ఎంత కూర్చుని రాసుకున్నా బల్లకి రెండు వైపులా కుర్చీల ఎత్తు ఒకటి కాదు. ఆ నవల ఇది గమనించింది, కానీ తేల్చిన దానికంటే దాటేసినదే ఎక్కువ.

మన ‘పవిత్ర బంధం’ ఇక్కడ గుర్తొస్తుంది. ముత్యాల సుబ్బయ్య 1996లో తీసిన ఆ సినిమాలో పెళ్ళి మీద నమ్మకం లేని ధనవంతుడి కొడుకు ఏడాది గడువుతో పెళ్ళికి ఒప్పుకుంటాడు. ఇంటి అవసరాలు మెడ మీద ఉన్న ఉద్యోగిని దానికి తల వంచుతుంది. అది ఒప్పందమే, కానీ షరతులు రాసిన చెయ్యి ఒక్కటే. వెంకటేశ్, సౌందర్య ఎంత బాగా నటించినా ఆ కథ నాకు వేరే జాతిదిగానే తోస్తుంది. ఉత్తుత్తి ప్రేమలో కలం ఇద్దరి చేతా ఉండాలి.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమని మనవాళ్ళు ఊరికే అనలేదు. అబద్ధమాడినా తప్పులేదని శుక్రాచార్యుడు బలికి బోధించిన మినహాయింపుల్లో కూడా పెళ్ళి సంగతి ఉంది. అయితే ఆ అబద్ధాలు పెద్దవాళ్ళవి, చెప్పించుకునేది పిల్లలు. అబ్బాయి జీతం, అమ్మాయి వయసు, ఇంటి అప్పులు. ఉత్తుత్తి ప్రేమ కథ ఆ సామెతను పిల్లల చేతికిస్తుంది. బహుశా అందుకే ఈ నవలలు మన ఇళ్ళ ఆడపిల్లలకి ఇంత త్వరగా దగ్గరయ్యాయి. పెళ్ళిచూపుల్లో పక్కగదిలో పావుగంట మాటలు, తరవాత ఒకే పీటల మీద కూర్చోవడం, ఫొటోల కోసం భుజం మీద చెయ్యి, చుట్టాల ముందు కొత్తదంపతుల నవ్వు, ఆ పైన ఎప్పుడో ఒకరికొకరు తెలియడం. జంటగా కనబడడం ముందు, జంట కావడం తరవాత అన్న వరస మనకు పరాయిది కాదు. పరాయిది ఏమిటంటే షరతులు తామే కూర్చుని రాసుకోవడం, వద్దంటే లేచి వెళ్ళిపోగలగడం.

ఫరా హెరాన్ 2021 నవల ‘యాక్సిడెంటల్లీ ఎంగేజ్డ్’ ఈ ముడినే పట్టుకుంది. టొరంటోలో ఉండే రీనా, టాంజానియానుంచి వచ్చిన భారతీయ మూలాల ముస్లిం కుటుంబం పిల్ల. తల్లిదండ్రులు తెచ్చే సంబంధాలంటే ఒళ్ళుమంట. ఎదురింట్లో దిగిన నదీమ్ వాళ్ళు చూసిన సంబంధమే. అతన్ని చచ్చినా చేసుకోనంటుంది, కానీ జంటలకే ప్రవేశమున్న వంటల పోటీ కోసం అతనితోనే ఉత్తుత్తి నిశ్చితార్థం చేసుకుంటుంది. పెద్దలు కుదిర్చినప్పుడు వద్దన్న మనిషిని, తాను కుదుర్చుకున్న అబద్ధంలో చూడగలిగింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఇంటికి ఫోను చేసిన ప్రతి ఆదివారం పెళ్ళెప్పుడే అన్న ప్రశ్న వినే మన పిల్లలకి ఈ కథ విడమరిచి చెప్పక్కరలేదు. తెలుగులో ఇలాంటి నవల ఒకటి, పిండి పిసికే చేతుల మధ్య, అత్తయ్యల వాట్సాప్ గ్రూపుల మధ్య నడిచే నవల, రావాలని నాకు గట్టి కోరిక. పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’ను జంధ్యాల 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’గా తీశారు. ఊహల్లోని మనిషికి సరదాగా రాసిన ఉత్తరం నిజం మనిషికి చేరిన ఆ కథ మన హాస్యానికి ఈ చోటు ఎంత చక్కగా సరిపోతుందో ఏనాడో చూపించింది.

మా అమ్మమ్మ సంగతి చెప్పి ఆపుతాను. రావు, మేరీ జమీందారుకు మొదటి అబద్ధం చెప్పినప్పుడు ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూనే ఉండేది. ఊరంతటినీ నమ్మించినప్పుడూ చెయ్యి ఆగేది కాదు. సీత పాటకు కూర్చున్నప్పుడు, మేరీ తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, తనకేమీ పట్టనట్టు మొహం తిప్పుకున్నప్పుడు మాత్రం చేతిలో కాయ చేటలో పడేసి నా వైపు తిరిగేది.

“చూడవే, ఇప్పుడు ఆడింది అబద్ధం” అనేది.